లారీ మెకానిక్ అవ్వాలి: ముందు ఇంజన్ షెడ్డా, సర్వీస్ సెంటరా, సాఫ్ట్‌వేర్ కోర్సా?

కొత్త_పానా

అందరికీ నమస్కారం. డీజిల్ మెకానిక్ కోర్సు ఈమధ్యే అయిపోయింది. కార్లు, బైకులు కాదు, పెద్ద బండ్ల మీదే పని చేయాలని మొదటినుంచీ కోరిక. ట్రక్కులు, ట్రైలర్లు, టిప్పర్లు. ఇప్పుడు ఎటు వెళ్ళాలో తేలడం లేదు.

ఒక పెద్ద సర్వీస్ సెంటర్ వాళ్ళు ట్రైనీగా తీసుకుంటామన్నారు. స్కానర్లు, లిఫ్టులు, ల్యాప్‌టాప్‌లు అన్నీ ఉన్నాయి. కానీ మొదట చాలా నెలలు పీరియాడిక్ సర్వీస్ బేలోనే ఉంచుతారట. అంటే గ్రీజు కొట్టడం, ఆయిల్ మార్చడం, ఫిల్టర్లు వేయడం, కింద చెక్ చేయడం, అంతే. ఇంకోపక్క ఇంజన్లు విప్పే పాత షెడ్డు ఒకటుంది. అక్కడి మేస్త్రి "వచ్చిన వారానికే నీతో హెడ్ దించిస్తా" అంటున్నారు. నా ఫ్రెండేమో ఈ రెండూ దండగ, ఇప్పటి బండ్లన్నీ కంప్యూటర్లే కాబట్టి డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తే చాలంటున్నాడు.

నాకైతే ఇంజనంటేనే ఇష్టం. గ్రీజు గన్ పట్టుకుని నెలలు గడిపితే వెనకబడిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. ఈ పనిలో ఉన్నవాళ్ళు చెప్పండి: దేనితో మొదలుపెట్టాలి? సొంతంగా ఏ టూల్స్ కొనుక్కోవాలి? ఎలక్ట్రిక్ ట్రక్కులు వస్తే ఈ పనే ఉండదంటున్నారు, అది నిజమేనా?

పాత_డీజిల్

ఇందులో ఆలోచించడానికేముంది? ఇంజన్ షెడ్డుకే వెళ్ళు. క్రాంక్ ఎత్తి బేరింగులు వేయడం, లైనర్లు (పిస్టన్ కదిలే గొట్టాలు) దింపడం, ట్యాపెట్లు సెట్ చేయడం చేతికి వస్తే నిన్ను ఎవరైనా పిలిచి పని ఇస్తారు. ఆయిల్ మార్చడం ఎవరికైనా వస్తుంది. మా కాలంలో నలుగురు నన్ను మేస్త్రీ అని పిలిచింది ఇంజన్ పని వచ్చు కాబట్టే.

హబ్_గ్రీజు

తమ్ముడూ, పైన పెద్దాయన మాట మీద గౌరవం ఉంది కానీ నేను ఒప్పుకోను. నేను ఫ్లీట్ వర్క్‌షాపులో ఫోర్‌మన్‌ని. కొత్తగా చేరిన కుర్రాళ్ళను తయారుచేయడమే ఇప్పుడు నా పనిలో సగం. నన్నడిగితే సర్వీస్ బేకే వెళ్ళు. తప్పదు కాబట్టి వెళ్ళమనడం లేదు, కోరి వెళ్ళమంటున్నాను.

ఇంజన్ షెడ్డుకి వచ్చే ఇంజన్ అప్పటికే పోయి వస్తుంది. బండి నుంచి దించి స్టాండ్ మీద పెట్టేసి ఉంటారు. అది ఎందుకు పోయిందో చెప్పే ఆధారాలు చాలావరకు బండితోనే ఉండిపోతాయి. నువ్వు రింగులు, బేరింగులు, లైనర్లు మార్చి పంపిస్తావు. చెయ్యి బాగా తిరుగుతుంది, కాదనను. సర్వీస్ బేకి మాత్రం నడుస్తున్న బండి వస్తుంది. పాడవబోయేది ఎలా ఉంటుందో కన్ను పట్టుకోవాలంటే ముందు బాగున్నది ఎలా ఉంటుందో లెక్కలేనన్నిసార్లు చూసి ఉండాలి. ఆ చూపు స్టాండ్ మీది ఇంజన్ దగ్గర రాదు.

బ్రేకుల సంగతే తీసుకో. పెద్ద బండికి ఉండేవి ఎయిర్ బ్రేకులు. కంప్రెసర్ ట్యాంకుల్లోకి గాలి నింపుతుంది. చాలా బండ్లలో 120 నుంచి 135 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి అని) మధ్య గవర్నర్ గాలి నింపడం ఆపేస్తుంది. పెడల్ తొక్కితే ఆ గాలి ఛాంబర్‌లోకి వెళ్ళి పుష్‌రాడ్‌ని తోస్తుంది. టైప్ 30 ఛాంబర్ అంటే డయాఫ్రమ్ మీద గాలి పనిచేసే వైశాల్యం 30 చదరపు అంగుళాలు. 100 పీఎస్ఐ గాలి ఇస్తే 3,000 పౌండ్ల తోపు, అంటే దాదాపు 1,360 కిలోలు. బలం అంత ఉన్నా పుష్‌రాడ్‌కి కదలడానికి ఉన్న చోటు మాత్రం చాలా తక్కువ. మామూలు టైప్ 30కి స్ట్రోక్, అంటే పుష్‌రాడ్ కదిలే దూరం, 2 అంగుళాలు దాటకూడదు. డ్రమ్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది, అప్పుడు పుష్‌రాడ్ ఇంకొంచెం దూరం పోవాలి. అందుకే షెడ్డులో చల్లగా ఉన్నప్పుడు "పర్లేదు" అనిపించిన బ్రేకు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు చేతులెత్తేస్తుంది.

దీన్ని కొలవడానికి ఏ ల్యాప్‌టాప్ అక్కర్లేదు. చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, పార్కింగ్ బ్రేక్ రిలీజ్ చేసి, గాలి 90 నుంచి 100 మధ్య ఉంచి, ఇంజన్ ఆపు. ఛాంబర్ మూతి దగ్గర పుష్‌రాడ్ మీద సుద్దతో గీత పెట్టు. ఒకరిని పెడల్ పూర్తిగా తొక్కి పట్టమను. గీత ఎంత ముందుకొచ్చిందో స్కేలుతో చూడు. చక్రం తర్వాత చక్రం చూసి, ప్రతి కొలతా రాసిపెట్టు. ఒకే యాక్సిల్ మీద ఎడమ ఒకలా, కుడి ఒకలా వస్తే అక్కడ ఏదో ఉందన్నమాట.

ఇక్కడే మెకానిక్‌కీ, బోల్టులు తిప్పేవాడికీ తేడా తెలిసిపోతుంది. పుష్‌రాడ్ తోపుని బ్రేకుకి అందించే చెయ్యిని స్లాక్ అడ్జస్టర్ అంటారు. ఇప్పుడు ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టర్లు కదా, లైనింగ్ అరిగేకొద్దీ తమంతట తామే సర్దుకుంటాయి. స్ట్రోక్ ఎక్కువ వచ్చిందని పానా పెట్టి చేత్తో బిగించి పంపేస్తే ఆ రోజుకి కొలత సరిపోతుంది. కొన్ని రోజులకే మళ్ళీ జారుతుంది. తనంతట తాను సర్దుకోవాల్సింది సర్దుకోలేదంటే దానికో కారణం ఉండాలి. క్లెవిస్ పిన్ అరిగి ఉండొచ్చు, బ్రేకు షూలను తెరిచే ఎస్-క్యామ్ బుష్ లూజై ఉండొచ్చు, బ్రాకెట్ వంగి ఉండొచ్చు, అడ్జస్టరే లోపల పోయి ఉండొచ్చు. చేత్తో బిగించడమంటే ఆ కారణాన్ని కప్పెట్టడమే. మా దగ్గర ఎవరైనా ఆటోమేటిక్ అడ్జస్టర్‌ని బిగించి "ఓకే" అని రాస్తే ఆ షీట్ మీద నేను సంతకం పెట్టను.

గ్రీజు కొట్టడమంటే చిన్నచూపు వద్దు. ప్రొపెల్లర్ షాఫ్ట్ యూజే (యూనివర్సల్ జాయింట్) క్రాస్‌కి నాలుగు కప్పులుంటాయి. గ్రీజు కొడుతుంటే నాలుగు సీళ్ళ నుంచీ పాత గ్రీజు బయటికి రావాలి. మూడింటి నుంచి వచ్చి ఒకదాని నుంచి రాలేదంటే ఆ కప్పులో నీడిల్స్ పొడిగా తిరుగుతున్నట్టే. నిప్పుల్ దగ్గర "గ్రీజు పోయింది" అనుకుని ముందుకెళ్ళిపోయేవాడికి ఇది ఎప్పటికీ కనిపించదు. ఆ షాఫ్ట్ రోడ్డు మీద తెగిపడితే పక్కనే పోయే ఎయిర్ పైపుల్ని కూడా కొట్టేస్తుంది.

చక్రాల నట్ల దగ్గర తుప్పు చార కారినట్టు కనిపిస్తే ఆ నట్టు కదులుతోందని అర్థం. హబ్ సీల్ కారి లైనింగ్ ఆయిల్‌తో తడిస్తే డీజిల్ పెట్టి కడిగి మళ్ళీ ఎక్కించకూడదు. లైనింగులు ఆ యాక్సిల్‌కి రెండు వైపులా మార్చాలి, ఒక్కవైపే మారిస్తే బండి లాగుతుంది. వీల్ బేరింగ్ సర్దేటప్పుడు ఎండ్ ప్లే (హబ్ లోపలికీ బయటికీ కదిలే సందు) 0.001 నుంచి 0.005 అంగుళం మధ్య ఉండాలి. చక్రం పట్టుకుని ఊపి చెప్పే లెక్క కాదిది, డయల్ గేజ్ పెట్టాల్సిందే. ఎయిర్ ట్యాంక్ డ్రెయిన్ తెరిస్తే నీళ్ళొస్తున్నాయా, నల్లటి ఆయిల్ వస్తోందా చూడు. నీళ్ళైతే డ్రయర్ మీద అనుమానం, ఆయిలైతే కంప్రెసర్ మీద.

నీకు ఇంజన్ ఇష్టమన్నావు కదా, ఇది కూడా విను. వెట్ లైనర్ (బయటి గోడకి కూలెంట్ తగిలే లైనర్) ఉన్న ఇంజన్‌లో పాత లైనర్ బయటికి లాగినప్పుడు బయటి గోడ మీద, ఎక్కువగా పిస్టన్ ఒత్తిడి పడే వైపు, సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలు కనిపిస్తాయి. ముదిరితే గుంట ఆరపార పడి కూలెంట్ సిలిండర్‌లోకీ, ఆయిల్‌లోకీ దిగుతుంది. సిలిండర్‌లో డీజిల్ మండిన ప్రతిసారీ లైనర్ వణుకుతుంది. ఆ వణుకుకి కూలెంట్‌లో ఆవిరి బుడగలు పుట్టి గోడ మీదే పగులుతుంటాయి. అలా పగిలిన ప్రతిసారీ కొంచెం లోహం ఊడుతుంది. దీన్ని ఆపేది కూలెంట్‌లో కలిసి ఉన్న మందు. అది లోహం మీద పొరలా నిలబడి దెబ్బ కాస్తుంది. ఆ మందు తగ్గిందో లేదో టెస్ట్ స్ట్రిప్ ముంచి చూసేది ఎక్కడ? సర్వీస్ బేలో. ఎవరో ఒట్టి నీళ్ళు పోసో, రెండు రకాల కూలెంట్లు కలిపో పంపిస్తే, ఆ ఫలితం చాలాకాలం తర్వాత పెద్దాయన షెడ్డుకి చేరుతుంది. లైనర్ మార్చడం ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. ఆ లైనర్ ఎందుకు పోయిందో నేర్చుకోవాలంటే ఇక్కడికే రావాలి.

ఒక్క షరతు. సర్వీస్ బేలన్నీ ఒకేలా ఉండవు. కొన్నిచోట్ల బండి కిందికి దూరకుండానే షీట్ మీద వరసగా టిక్కులు కొట్టేస్తారు. చేరే ముందు పాత ఇన్‌స్పెక్షన్ షీట్ ఒకటి చూపించమని అడుగు. కొలతలు అంకెల్లో రాసి ఉంటే మంచి చోటు. అన్నీ టిక్కులే ఉంటే అక్కడ నేర్చుకునేది టిక్కులు కొట్టడమే.

పాత_డీజిల్

సరే, లైనర్ గుంటల మాట నిజమే. అలాంటివి చేతులతో ఎన్ని లాగానో. కానీ ఫోర్‌మన్ గారూ, కుర్రాడు ఎన్నాళ్ళని కిందే పాకుతాడు? టార్క్ వేసి, ఆపైన డిగ్రీలు తిప్పే హెడ్ బోల్టు చేతికి ఎలా తెలుస్తుందో మాన్యువల్ చదివితే రాదు.

హబ్_గ్రీజు

రాదు, ఒప్పుకుంటాను. అలాగని చేతి అంచనాతో ఆ బోల్టు బిగించనూ కూడదు. మాన్యువల్‌లో ఉన్న టార్క్, ఆపైన ఉన్న డిగ్రీలు, వరస క్రమం, ఆ బోల్టు మళ్ళీ వాడొచ్చా లేదా, ఇవన్నీ చూసుకునే వేయాలి. మొదటి ఏడాది కింద, ఆ తర్వాత ఇంజన్. నేను చెప్పే క్రమం ఇంతే. మీలాంటి వాళ్ళ దగ్గరికి రెండో ఏడాది పంపిస్తే ఇంకా బాగా నేర్చుకుంటాడు.

కొత్త_పానా

అన్నా, ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్స్. సుద్ద గీత సంగతి మా కోర్సులో ఎవరూ చెప్పలేదు. ఒక డౌట్. వెనక ఛాంబర్లు విప్పడం చాలా డేంజరని కోర్సులో భయపెట్టారు కానీ ఎందుకో చూపించలేదు. ఇంకొకటి, ఫ్రెండ్ చెప్పిన సాఫ్ట్‌వేర్ కోర్సు పూర్తిగా వదిలేయాలా?

వైరింగ్_అక్క

ఛాంబర్ గురించి ఫోర్‌మన్ గారు చెప్తారు. సాఫ్ట్‌వేర్ సంగతి నాకు వదిలేయండి. పెద్ద బండ్ల ఎలక్ట్రికల్, డయాగ్నస్టిక్స్ నా పని.

తమ్ముడూ, సాఫ్ట్‌వేర్ నేర్చుకో, కానీ మల్టీమీటర్ తర్వాతే. స్కానర్ పెట్టి కోడ్ చదివి, ఆ కోడ్‌లో పేరున్న పార్టు మార్చేసేవాళ్ళను చాలామందిని చూశాను. కోడ్ "ఇది మార్చు" అని చెప్పదు. "ఇక్కడి నుంచి వెతుకు" అని మాత్రమే చెప్తుంది.

హెవీ బండ్లలో కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతిని ఎస్ఏఈ జే1939 అంటారు. అందులో కోడ్‌కి రెండు ముఖ్యమైన భాగాలు. ఎస్‌పీఎన్ ఏ విషయమో చెప్తుంది, ఎఫ్ఎమ్ఐ దానికేమైందో చెప్తుంది. ఎస్‌పీఎన్ 100 అంటే ఇంజన్ ఆయిల్ ప్రెజర్. దాని పక్కన ఎఫ్ఎమ్ఐ 1 ఉంటే సెన్సర్ నమ్మదగ్గ మాటే చెప్తోంది, ప్రెజర్ ప్రమాదకరంగా పడిపోయింది అని. వెంటనే ఇంజన్ ఆపాలి. అదే ఎస్‌పీఎన్ 100కి ఎఫ్ఎమ్ఐ 4 ఉంటే సిగ్నల్ వోల్టేజ్ ఉండాల్సినదానికంటే కిందికి పడిందని. వైరు ఎక్కడో బాడీకి తగిలి ఉండొచ్చు, కనెక్టర్‌లో నీళ్ళు చేరి ఉండొచ్చు, సెన్సరే పోయి ఉండొచ్చు. రెండు సందర్భాల్లోనూ స్క్రీన్ మీద "ఆయిల్ ప్రెజర్" అనే మాటే కనిపిస్తుంది. రెండో అంకె చూడనివాడు బాగున్న ఇంజన్‌కి ఆయిల్ పంపు మార్చేస్తాడు. ఎఫ్ఎమ్ఐ 4 అయినా సరే, ఒక మెకానికల్ గేజ్ పెట్టి అసలు ప్రెజర్ చూసుకున్నాకే ఇంజన్ తిప్పు.

ఇంకో చిన్న పరీక్ష చెప్తాను, చేరిన చోట అడిగి చేసి చూడు. బండి పవర్ పూర్తిగా తీసేసి, 9 పిన్నుల డయాగ్నస్టిక్ సాకెట్‌లో సీ, డీ పిన్నుల మధ్య ఓమ్స్ కొలువు. జే1939 వైరుకి రెండు చివర్లలో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కొక్కటి ఉంటుంది కాబట్టి మీటరులో 60 రావాలి. 120 వస్తే ఒకవైపు రెసిస్టర్ లేదు, లేదా దారిలో వైరు తెగింది. సున్నా దగ్గర వస్తే రెండు వైర్లూ ఎక్కడో కలిసిపోయాయి. 40 వచ్చిందంటే ఎవరో అదనంగా మూడో రెసిస్టర్ తగిలించారు, బయటి పరికరాలు బిగించిన బండ్లలో ఇది దొరుకుతుంది. స్కానర్ అసలు బండితో మాట్లాడనే మాట్లాడకపోతే ల్యాప్‌టాప్ కోర్సు ఏం చేస్తుంది? అక్కడ మీటరే దిక్కు.

మీటరుని కూడా గుడ్డిగా నమ్మొద్దు. ఒక వైరులో పోగులన్నీ కుళ్ళిపోయి ఒక్కటే మిగిలిందనుకో. కంటిన్యుటీ పెడితే మీటరు బీప్ అంటుంది, ఓమ్స్ కూడా బాగానే చూపిస్తుంది. ఎందుకంటే మీటరు పంపే కరెంటు అతి తక్కువ, దానికి ఒక్క పోగు చాలు. ఆ వైరుకి ఒక హెడ్‌లైట్ బల్బు తగిలించు. బల్బు మిణుకుమని ఊరుకుంటుంది. బాగున్న వైరైతే పూర్తిగా వెలుగుతుంది. సెన్సర్లకీ, కంప్యూటర్లకీ వెళ్ళే వైరైతే రెండు చివర్లా కనెక్టర్లు పీకేశాకే బల్బు పెట్టాలి, లేకపోతే ఈసీయూ (బండి కంప్యూటర్) కాలిపోతుంది. స్టార్టర్ తిరగనప్పుడు కూడా ముందు స్టార్టర్ దించకు. సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య వోల్టేజ్ చూడు. అర వోల్టు దాటి కనిపిస్తే ఎర్త్ కేబుల్ దగ్గరే రోగముంది.

డీపీఎఫ్ (ఎగ్జాస్ట్‌లో మసి పట్టే ఫిల్టర్) కూడా ఇంతే. స్కానర్‌తో రీజనరేషన్ (పట్టిన మసిని కాల్చేయడం) బటన్ నొక్కడం ఎవరికైనా వస్తుంది. ఎగ్జాస్ట్ 600 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది, మసి కాలిపోతుంది, లైటు ఆరుతుంది. మళ్ళీ వారానికే లైటు వెలిగితే మసి అంత ఎందుకు వస్తోందని అడగాలి. ఇంజెక్టర్ కారుతోందా, టర్బో ఆయిల్ పంపిస్తోందా, గాలి పైపు చీలిందా. ఈ ప్రశ్నలు సాఫ్ట్‌వేర్ కోర్సులో రావు. ఫోర్‌మన్ గారి బేలోనూ, పెద్దాయన షెడ్డులోనూ వస్తాయి.

సిలబస్ ఎలా ఉండాలో చూడాలనుంటే అమెరికాలో ఏఎస్ఈ అనే సంస్థ పెట్టే ట్రక్ పరీక్షల జాబితా చూడు. డీజిల్ ఇంజన్, డ్రైవ్ ట్రైన్, బ్రేకులు, సస్పెన్షన్-స్టీరింగ్, ఎలక్ట్రికల్, ఏసీ, ఆపైన ప్రివెంటివ్ ఇన్‌స్పెక్షన్, ఒక్కోదానికి ఒక్కో పరీక్ష. నువ్వు "గ్రీజు కొట్టడం" అన్నది అక్కడ విడిగా ఒక సబ్జెక్టు. ఆ సర్టిఫికెట్ కూడా 5 ఏళ్ళే చెల్లుతుంది, తర్వాత మళ్ళీ నిరూపించుకోవాలి.

హబ్_గ్రీజు

అమ్మా, బల్బు పరీక్ష రేపు మా కుర్రాళ్ళతో చేయిస్తాను. బాగా చెప్పారు.

తమ్ముడూ, ఇక ఛాంబర్. వెనక చక్రాల ఛాంబర్లో రెండు గదులుంటాయి. ఒకటి పెడల్ బ్రేకుది. రెండోదాంట్లో బలమైన స్ప్రింగ్ ఉంటుంది. గాలి ఉన్నంతసేపూ ఆ గాలే స్ప్రింగ్‌ని నొక్కి పడుతుంది, గాలి పోతే స్ప్రింగ్ తెరుచుకుని బ్రేకు పడుతుంది. పార్కింగ్ బ్రేక్ పనిచేసేది అలాగే. ఆ నొక్కుడు బలం టన్ను లెక్కలో ఉంటుంది. గాలి తీసేశాం కదా, ఇంకేం భయం లేదు అనుకుని స్ప్రింగ్ గది క్లాంప్ విప్పితే మూత తూటాలా ఎగురుతుంది. మనుషులు పోయారు దీనివల్ల. అందుకే ఛాంబర్‌తో పాటు కేజింగ్ బోల్టు అని పొడుగు బోల్టు ఇస్తారు. వెనక రంధ్రంలోంచి దాన్ని దూర్చి, పావు తిప్పు తిప్పి లోపలి ప్లేటుకి తగిలించి, నట్టు బిగిస్తూ స్ప్రింగ్‌ని వెనక్కి లాగి కట్టేయాలి. అలా కట్టాకే ఛాంబర్‌ని యాక్సిల్ నుంచి దించాలి. స్ప్రింగ్ గదిని మాత్రం కట్టినా సరే విప్పకూడదు. పోతే ఆ భాగం మొత్తం మార్చాలి. ఇంపాక్ట్ గన్‌తో కేజింగ్ నట్టు బిగించొద్దు, చేతి పానాతోనే. పాత ఛాంబర్ పారేసేటప్పుడు కూడా స్ప్రింగ్ శక్తి తీసేయకుండా తుక్కులో వేయకూడదు.

ఇలాంటివే ఇంకొన్ని, గబగబా చెప్పేస్తాను. టిప్పర్ బాడీ ఎత్తి ఉంటే సపోర్టు కర్ర పెట్టందే కిందికి తల పెట్టొద్దు, హైడ్రాలిక్ జాకీని నమ్మొద్దు. క్యాబిన్ వంచే ముందు లోపల వదులుగా ఏమున్నాయో చూడు, వంచాక లాక్ పడిందో లేదో చేత్తో తడిమి చూడు. టైరులో గాలి నింపేటప్పుడు బోనులోనే పెట్టి, క్లిప్ వేసి, పక్కకి నిలబడు. కామన్ రైల్ ఇంజన్లలో డీజిల్ ప్రెజర్ 2,000 బార్ దాటే రకాలున్నాయి. లీకు ఎక్కడో వేలితో వెతికితే డీజిల్ చర్మంలోంచి దూసుకుపోతుంది. బయటికి చిన్న చుక్కంత గాయమే కనిపిస్తుంది, లోపల కండ కుళ్ళుతుంది. అట్టముక్క పెట్టి వెతుకు. ఒకవేళ తగిలితే నొప్పి లేకపోయినా నేరుగా ఆసుపత్రికే. బండి మీద వెల్డింగ్ చేయాల్సొస్తే బ్యాటరీ కేబుళ్ళు తీసేసి, ఎర్త్ క్లాంప్ వెల్డింగ్ చేసేచోటికి దగ్గరగా పెట్టు, లేకపోతే ఈసీయూలు పోతాయి. డ్రమ్ తీసినప్పుడు ఆ దుమ్ముని ఎయిర్ గన్‌తో ఊదొద్దు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది, కాబట్టి షెడ్డు లోపల ఇంజన్ నడుపుతుంటే పైపు పెట్టి పొగ బయటికి పంపించు. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

టూల్స్ అడిగావు. ఒకేసారి పెద్ద పెట్టె కొనకు. మంచి కాంబినేషన్ పానాల సెట్టు, అరంగుళం డ్రైవ్ సాకెట్లు, మల్టీమీటర్, టెస్ట్ ల్యాంప్, ఫీలర్ గేజ్, నుదుటికి కట్టుకునే లైటు, చిన్న అద్దం, స్టీల్ స్కేలు, సుద్దముక్క. ముప్పావు అంగుళం సాకెట్లు, టార్క్ రెంచ్, డయల్ గేజ్, పుల్లర్లు వర్క్‌షాపు ఇవ్వాల్సినవి. ఏది మళ్ళీ మళ్ళీ అడిగి తెచ్చుకుంటున్నావో అది ఆ తర్వాత సొంతంగా కొనుక్కో.

ఎలక్ట్రిక్ ట్రక్కు వచ్చినా చక్రాలుంటాయి, హబ్‌లుంటాయి, స్టీరింగ్ ఉంటుంది, ఎయిర్ బ్రేకులుంటాయి. కంప్రెసర్‌ని తిప్పేది మోటారు, అంతే తేడా. పోయేది ఇంజన్ పనే. నువ్వు ముందు కింది పని నేర్చుకోవడానికి ఇదీ ఒక కారణమే. కాకపోతే ఆరెంజ్ రంగు కేబుల్ కనిపిస్తే విడిగా ట్రైనింగ్ అయ్యేదాకా ముట్టుకోకు. సర్వీస్ డిస్‌కనెక్ట్ తీసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగి, 1,000 వోల్టుల గ్లవ్స్‌తో సున్నా ఉందని మీటరులో చూశాకే పని. మీ అక్క లాంటివాళ్ళకి రాబోయే రోజుల్లో చేతినిండా పని ఉంటుంది.

కొత్త_పానా

అన్నా, అక్కా, పెద్దాయన గారూ, అందరికీ చాలా థాంక్స్. సర్వీస్ సెంటర్‌కే వెళ్తున్నాను, సోమవారం ఇంటర్వ్యూ. పాత షీట్ చూపించమని కచ్చితంగా అడుగుతాను. నన్ను ప్రాక్టికల్‌గా ఏదైనా అడిగితే ఏం అడగొచ్చు?

హబ్_గ్రీజు

నేనైతే బండి చూపించి "గాలి ఎక్కడో పోతోంది, చూడు" అంటాను. నువ్వు సబ్బునీళ్ళ సీసా పట్టుకుని పైపుల మీదికి ఉరికితే ఆపేస్తాను. ముందు ట్యాంకులు నిండా నింపి, ఇంజన్ ఆపి, పెడల్ వదిలి నిమిషంలో ఎంత పడుతోందో చూడాలి. తర్వాత పెడల్ తొక్కి పట్టి ఇంకో నిమిషం. ట్రైలర్ లేని బండికి తొక్కినప్పుడు నిమిషానికి 3 పీఎస్ఐ లోపు ఉండాలి. వదిలినప్పుడు నిలబడి, తొక్కినప్పుడే పడితే లీకు ఛాంబర్ డయాఫ్రమ్‌లోనో, పెడల్ వాల్వ్ తర్వాతి లైన్లోనో ఉంటుంది. అక్కడికి సగం బండి వదిలేయొచ్చు. సబ్బునీళ్ళు ఆ తర్వాతే.

వైరింగ్_అక్క

వెళ్ళేటప్పుడు చేతికి ఉంగరం, లోహపు వాచీ ఉంటే తీసేసి వెళ్ళు తమ్ముడూ. బ్యాటరీ టెర్మినల్‌కీ బాడీకీ మధ్య ఉంగరం తగిలితే ఎర్రగా కాలేదాకా చేతిని వదలదు. మంచి ఫోర్‌మన్ ముందు చూసేది నీ చేతులే.

పాత_డీజిల్

రెండో ఏడాది రా. హెడ్ దించిస్తా.